రాత్రి గోల, మధ్యాహ్నం బోసి

ప్రశ్న: అమ్మా, నమస్తే. నాకు 63 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రెండేళ్ల కింద రిటైరయ్యాను. హనుమకొండలో సొంతిల్లు ఉంది. పెన్షన్ వస్తుంది, అప్పుల్లేవు. పెద్దబ్బాయి డల్లాస్‌లో, చిన్నబ్బాయి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. అన్నీ ఉన్నాయి గానీ సుఖం లేదు. మా ఇంటి వెనకే ఫంక్షన్ హాలు. రోజూ రాత్రి ఒంటిగంట దాకా డీజే, బరాత్‌లు, జనరేటర్ మోత. తెల్లారితే పైపోర్షన్‌లో కిరాయికున్నవాళ్ల పిల్లల ఉరుకులు. ఈమధ్య డాక్టర్ బీపీ మాత్ర డోసు పెంచాడు. మధ్యాహ్నం పూట మాత్రం ఇల్లు బోసిగా ఉంటుంది, ఏం తోచదు. ఈ ఇల్లు అమ్మేసి, పరకాల దగ్గర మా ఊళ్లో ఉన్న జాగలో చిన్న ఇల్లు కట్టుకొని ప్రశాంతంగా బతకాలని నా కోరిక. నా భార్య ససేమిరా అంటోంది. "ఆడికి పోయి గోడలతోటి మాట్లాడుకోవాల్నా" అంటుంది. ఆమెకు కాలనీ ఆడవాళ్లు, శుక్రవారం భద్రకాళి గుడి ఉంటే చాలు. మనిషి సంతోషంగా ఉండటానికి ప్రశాంతతకు మించింది ఏముంటుంది? మా ఇద్దరిలో ఎవరిది కరెక్ట్?
— ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: అన్నా, నమస్తే. ఎవరిది కరెక్ట్ అన్న పంచాయితీ కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "మధ్యాహ్నం పూట ఇల్లు బోసిగా ఉంటుంది, ఏం తోచదు." డీజే గురించి, జనరేటర్ గురించి అంత వివరంగా రాసిన మీరు దీన్ని నడుమ ఇరికించి దాటేశారు. నాకైతే అసలు సంగతి అక్కడే ఉందనిపించింది. మీకున్నవి రెండు బాధలు. రాత్రి చప్పుడు ఎక్కువైంది, పగలు తక్కువైంది. ఊరికి పోతే మొదటిది సగం తీరుతుందేమో, రెండోది మాత్రం రెట్టింపవుతుంది. వదిన గోడల మాట ఎత్తింది ఆ రెండోదాని గురించే.

రాత్రి సంగతి ముందు చూద్దాం. నిద్రలేని మనిషికి ఎన్ని మంచి మాటలు చెప్పినా చెవికెక్కవు. వయసు మీద పడి విసుక్కుంటున్నానేమో అని మీరు అనుకోవద్దు. రాత్రి చప్పుడుకు మెలకువ రాకపోయినా ఒంటికి తెలుస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, ఏళ్ల తరబడి అలాగే సాగితే బీపీ మీద పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ దేశాల కోసం ఇచ్చిన సూచనల్లో రోడ్డు రొద రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకుండా చూడమంది. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి ఉన్న శబ్ద కాలుష్య నిబంధనల్లోనూ నివాస ప్రాంతాలకు రాత్రి పరిమితి 45, పగలు 55. రాత్రంటే పది నుంచి తెల్లవారి ఆరు దాకా. లెక్కల మాస్టారు కాబట్టి మీకు ఇంకో మాట చెప్పొచ్చు. డెసిబెల్ అనేది లాగరిథమ్ లెక్క. 45కీ 55కీ పదే కదా తేడా అనిపిస్తుంది గానీ శబ్దశక్తి పదింతలు. 75కు పోతే వెయ్యింతలు. హాలు వాళ్లు "కొంచెమే పెంచినం సార్" అంటే ఆ కొంచెం ఎంతో మీరే చాక్‌పీసు పట్టి చూపించగలరు.

ఆ నిబంధనల ప్రకారం రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. మూసి ఉన్న హాలు లోపల, లోపలివాళ్ల వరకు వినిపించేలా వాడుకోవచ్చు. పండగలకు, ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. అయితే హాలు వాళ్లు లోపలే పెట్టుకున్నాం అన్నా సరే, వాళ్ల ప్రహరీ దగ్గరికొచ్చేసరికి చప్పుడు నిబంధనల్లో పెట్టిన హద్దు దాటకూడదు. ఇక రోడ్డు మీద ఊరేగే బరాత్‌కు మూసిన హాలు అన్న సాకే లేదు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ రాత్రి పది గంటల నియమాన్ని గట్టిగానే నిలబెట్టింది.

చట్టం మనవైపు ఉంది కదా అని రాత్రి పన్నెండింటికి లుంగీ మీద వెళ్లి పెళ్లివారితో తగువు పెట్టుకోకండి. ఆ టైంలో అక్కడ మాట వినే మనిషి ఉండడు, ఉన్నవాళ్లలో సగం మంది మందు మీద ఉంటారు. పగలు, బుకింగ్ లేని రోజు చూసి, కాలనీలో ఇంకో ముగ్గురు నలుగుర్ని వెంటబెట్టుకొని మేనేజర్ దగ్గరికి వెళ్లండి. స్పీకర్ల మూతి మీ గోడ వైపు లేకుండా తిప్పమనండి. జనరేటర్‌ను ఇళ్లకు దూరంగా జరపమనండి, లేదంటే చప్పుడు బయటికి రాకుండా చుట్టూ మూయించమనండి. పది గంటలకు డీజే ఆపాలన్న షరతు బుకింగ్ కాగితం మీదే రాయించమనండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. అడ్వాన్స్ కట్టేటప్పుడు చెప్తే పెళ్లివారు సరే అనుకొని ఆ టైంకు తగ్గట్టు చూసుకుంటారు, పెళ్లి రాత్రి చెప్తే కొట్లాటే. మెత్తగా అడిగితే వినలేదనుకోండి, రాత్రి 100కు ఫోన్ చేయండి, మర్నాడు కాలనీ తరఫున పోలీస్ కమిషనరేట్‌లో కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి. ఒక్క రిటైర్డ్ మాస్టారు రాస్తే పక్కన పడేసే కాగితం, ఇరవై ఇళ్లవాళ్లు సంతకాలు పెడితే టేబుల్ మీద ఉంటుంది. ఫోన్‌లో దొరికే సౌండ్ మీటర్ యాప్ చూపించేది ఉజ్జాయింపు అంకే, అయినా తేదీ, టైము, అంకె ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

ఆ నోట్‌బుక్ వల్ల ఇంకో లాభం ఉంది. మీరు "రోజూ" అని రాశారు. నిజంగా రోజూనా అన్నా? ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పుష్యంలో ఉండవు, మూఢం వచ్చిందంటే నెలల తరబడి హాళ్లన్నీ ఖాళీ. ఒక ఏడాది ముహూర్తాలు పంచాంగంలో చూసి క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. ఏ రాత్రి గోల ఉంటుందో ముందే తెలిస్తే సగం టెన్షన్ అక్కడే దిగిపోతుంది. ఆ రాత్రులకు మంచం ముందు గదిలోకి మార్చుకోవచ్చు, మరీ గట్టి ముహూర్తమైతే చిన్నబ్బాయి దగ్గరికి హైదరాబాద్ పోయి రావచ్చు. మెడికల్ షాపులో దొరికే ఇయర్ ప్లగ్స్ కూడా వాడి చూడండి. కర్టెన్లకు మాత్రం డబ్బులు తగలేయకండి. డీజే బేస్ కర్టెన్‌కు ఆగేది కాదు. కిటికీ రెక్కల సందులు రబ్బరు పట్టీతో మూయిస్తే కొంత తగ్గుతుంది, రెండు అద్దాల కిటికీ పెట్టిస్తే ఇంకొంత. గుండెల్లో దడదడమనిపించే ఆ దెబ్బ గోడల్లోంచే వస్తుంది, దానికి వాల్యూమ్ తగ్గించడం తప్ప మందు లేదు.

ఇదంతా ఎందుకింత విడమర్చి చెబుతున్నానంటే, చప్పుడు ఎంత ఉందన్నదానితో పాటు దాని మీద మన మాట చెల్లుతుందా లేదా అన్నది కూడా మనిషిని నలిపేస్తుంది. 1970 ప్రాంతంలో అమెరికాలో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు జనాన్ని కూర్చోబెట్టి, ఎప్పుడొస్తుందో తెలియకుండా చెవులు చిల్లులు పడే రొద వినిపించారు. కొందరి చేతికి ఒక బటన్ ఇచ్చి, "భరించలేకపోతే ఇది నొక్కండి, ఆగిపోతుంది, నొక్కకుండా ఉంటే మాకు మంచిది" అన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అంటే అందరూ విన్నది ఒకే రొద. తర్వాత అందరికీ చిక్కు ప్రశ్నలు ఇస్తే, బటన్ ఉన్నవాళ్లు ఓపిగ్గా చాలాసేపు కుస్తీ పట్టారు, లేనివాళ్లు తొందరగా వదిలేశారు. కావాలంటే ఆపగలను అన్న ధీమా ఒక్కటే వాళ్లకు ఎక్కువ ఉన్నది. మేనేజర్‌తో మాట్లాడటం, నోట్‌బుక్, క్యాలెండర్, ఇవన్నీ మీ చేతికి ఆ బటన్ లాంటిదొకటి తెచ్చిపెట్టడానికే.

మీ సంగతే చూడండి. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూళ్లలో పనిచేసి ఉంటారు. ఇంటర్‌వెల్ గంట కొట్టగానే వందలమంది పిల్లలు వరండాల మీదికి ఒక్కసారి వస్తే ఆ రొద ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? అప్పుడెప్పుడూ ఊరికి పారిపోవాలనిపించలేదు. మీరు క్లాసులో కాలు పెడితే ఆగే గోల అది. ఇప్పుడు పైన ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉరికితే తల పగిలిపోతోంది. ఆ పిల్లల పేర్లు తెలుసా అన్నా? ఉత్తరంలో పేర్లు లేవని అడుగుతున్నా. సాయంత్రం ఒక అరగంట కిందికి పిలిచి ఎక్కాలు అప్పజెప్పమనండి. వాళ్లమ్మ మీకు దండం పెడుతుంది, "తాత పడుకున్నడు, ఉరకకుర్రి" అని వాళ్లను ఆపేది కూడా ఆమే అవుతుంది.

ఇక ఊరు. మీరు కలగంటున్న ఊరు బహుశా మీరు పదో తరగతి చదివిన నాటిది. ఇప్పుడు తెల్లవారి ఐదింటికే గుడి మైకు మొదలవుతుంది. వరికోతల కాలంలో మిషన్లు లైట్లేసుకొని రాత్రంతా కోస్తుంటాయి, ట్రాక్టర్లు బాక్సులు పెట్టుకొని పాటలతోనే తిరుగుతాయి. కోతుల సంగతి మన వైపు వాళ్లకు వేరే చెప్పాలా? గుంపు రేకుల మీదికి దూకిందంటే పిడుగు పడ్డట్టే. వదిన ముచ్చటపడి సొరపాదు పెట్టుకుంటే ఒక్క కాయ దక్కదు, ఇంటి చుట్టూ జాలీ కట్టించక తప్పదు. వినాయక చవితికి అక్కడా డీజేనే. పైగా ఆ మండపం మీ అన్నదమ్ముల పిల్లలదే అయి ఉంటుంది, 100కు ఫోన్ కొట్టే వీలు కూడా ఉండదు! ఏ అర్ధరాత్రో ఛాతీ పట్టేసినట్టయితే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి దాకా రావాలి. బండి దొరికే లోపే ఎంత టైం పోతుందో ఆలోచించండి. ఊరు మంచిది కాదని నేననడం లేదు. మాపటికి చల్లగాలి, వాకిట్లో మంచం, పలకరించే పాత దోస్తులు, ఇవి హనుమకొండలో డబ్బులిచ్చినా దొరకవు. దొరికేవి ఏవో, దొరకనివి ఏవో చూసుకొని పొమ్మంటున్నాను.

వదిన గురించి మీరు ఎత్తిపొడుపుగా ఒక మాట రాశారు, కాలనీ ఆడవాళ్లు, శుక్రవారం గుడి ఉంటే చాలని. అది చిన్న సంగతా? 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్ తీసుకొని, నలుగురు కలిసి గుడికి పోయి, వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకొని, దారి పొడుగునా మాట్లాడుకుంటారు. ఒకరి మోకాళ్ల నొప్పి ఇంకొకరికి తెలుసు. ఎవరి కోడలికి ఎన్నో నెలో తెలుసు. ఒక్క రోజు ఈమె కనపడకపోతే గేటు దగ్గరికొచ్చి "ఏమైందక్కా, పానం బాగలేదా" అని అడిగేవాళ్లున్నారు. బతుకమ్మ పండుగకు ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర జనం చూడండి, ఆ పాటలు, చప్పట్లు యాప్‌తో కొలిస్తే మీ ఫంక్షన్ హాలుకు దగ్గర్లోనే ఉంటాయేమో. వదినను అడిగితే అది గోల అనదు. హార్వర్డ్ యూనివర్సిటీవాళ్లు 1938లో మొదలుపెట్టి కొన్ని వందలమంది జీవితాలను ముసలితనం దాకా గమనిస్తూ వచ్చారు. మనుషులతో మంచి సంబంధాలున్నవాళ్లే పెద్దతనంలో ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నారని వాళ్లు తేల్చిన ముఖ్యమైన విషయం. ఇది తెలుసుకోవడానికి అంత దూరం పోవాల్నా అని వదిన నవ్వుతుంది గానీ, మీలాంటి లెక్కల మనిషికి రుజువు కావాలి కదా అని చెప్పాను.

సంతోషానికి ఏం కావాలని అడిగారు. రాత్రి నిద్ర, నెలాఖరుకు భయం లేని చెయ్యి, తిన్నావా అని అడిగే మనిషి, తన రోజు మీద తన మాట చెల్లడం, పొద్దున లేస్తే మన కోసం ఎదురుచూసే పని ఒకటి, కాసేపు ఎవరూ కదిలించని నెమ్మది. వీటిలో డబ్బు, మనిషి మీకున్నాయి. నిద్ర సంగతి, మాట చెల్లే సంగతి పైన మాట్లాడుకున్నాం. పని పోయి రెండేళ్లయింది, ఆ మధ్యాహ్నపు బోసి దానివల్లే. రిటైర్మెంట్ రోజున శాలువా కప్పి, దండేసి పంపిస్తారు, మర్నాడు పదిన్నరకు ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు.

నెమ్మది కావాలన్న మీ కోరిక నూటికి నూరుపాళ్లు సబబే. దానికి ఇల్లు అమ్మక్కర్లేదు. పొద్దున ఆరింటికి ఖిలా వరంగల్ పోయి కాకతీయుల తోరణాల దగ్గర ఒక రౌండ్ నడిచి చూడండి, లేదా వడ్డేపల్లి చెరువు గట్టు మీద. నెలకోసారి, ఆదివారం కాకుండా వారం మధ్యలో, నర్సంపేట మీదుగా పాకాల పొండి. గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు, చుట్టూ అడవి, కట్ట మీద కూర్చుంటే నీటికోళ్ల అరుపులు తప్ప ఏం వినపడదు. టిఫిన్ కట్టుకుపోతే పూట గడిచిందే తెలియదు.

నేను మరీ మరీ చెప్పేది మాత్రం గ్రంథాలయం. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉన్న సంగతి మాస్టారిగా మీకు తెలిసే ఉంటుంది. అక్కడికే పొమ్మని కాదు, నగరంలో మీకు దగ్గరగా ఏ గ్రంథాలయం ఉంటే దానికి. గ్రంథాలయంలో చుట్టూ మనుషులుంటారు, చప్పుడు ఉండదు. మీరు వెతుకుతున్నది ఆ రెండూ కలిసిన చోటే. ఇప్పుడు అక్కడ పేపర్ చదివే పెద్దవాళ్ల కన్నా గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, ఎస్సైకి ప్రిపేర్ అయ్యే పిల్లలే ఎక్కువ కనిపిస్తారు. ఇంటి నుంచి టిఫిన్ బాక్సు తెచ్చుకొని పొద్దున నుంచి మాపటి దాకా కూర్చుంటారు. వాళ్లలో చాలామందికి అంకగణితమంటే వణుకు. కాలం–పని, శాతాలు, పడవలు–ప్రవాహాల దగ్గర పెన్ను ఆగిపోతుంది. కోచింగ్‌కు కట్టేందుకు వేలల్లో డబ్బులుండవు. మీరు మధ్యాహ్నం రెండింటికి పోయి ఒక మూల పేపర్ చదువుకోండి. ఎదురుగా కూర్చున్న పిల్లాడు ఒకే లెక్కను నాలుగుసార్లు కొట్టేస్తుంటే మీ చెయ్యి ఊరుకోదు. ఒక్క లెక్క చెప్పండి. రెండో వారం నుంచి మీరు ఆలస్యంగా పోతే "సార్ ఇంకా రాలేదేంది" అని అడిగేవాళ్లుంటారు. లోపల మాట్లాడకూడదు కాబట్టి బయట వరండాలో, చెట్టు కింద చెప్పుకోవచ్చు. లైబ్రేరియన్‌కు ఒక మాట ముందే చెప్పి పెట్టండి.

ఒక జాగ్రత్త. పెళ్లిళ్లు లేని నెలల్లో, చుట్టూ అంతా నిమ్మళంగా ఉన్న రాత్రుల్లో కూడా నిద్ర పట్టకపోతే, దేనిమీదా మనసు నిలవకపోతే, అది ఫంక్షన్ హాలు తెచ్చిన బాధ అయి ఉండదు. బీపీ డాక్టర్‌కు ఆ మాట దాచకుండా చెప్పండి. ఎదురుగా చెప్పడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

ఇల్లు విషయానికొస్తే, ఏడాది పాటు అమ్మే మాట ఎత్తకండి. ఊరి మీద మోజు తీరాలంటే అక్కడ ఒక ఇల్లు కిరాయికి తీసుకోండి, పిల్లలు పట్నం పోయి తాళం వేసి ఉన్న ఇళ్లకు ఊళ్లలో కొదవ లేదు. నాట్ల నుంచి కోతల దాకా, అంటే వానలు, దోమలు, కరెంటు పోవడాలు, మిషన్ల చప్పుడు అన్నీ చూసేలా ఉండి రండి. వదినను మూటాముల్లె సర్దుకొని రమ్మని పట్టుబట్టకండి. ఆమెకు బుద్ధయినప్పుడు రెండు రోజులు వచ్చి పోతుంది. బుద్ధి కాకపోతే మీరే శుక్రవారం వచ్చి ఆమెతో గుడికి పొండి. అన్ని నెలలు ఉన్నాక కూడా అక్కడే హాయిగా ఉందనిపిస్తే, వారంలో మూడు రోజులు అక్కడ, నాలుగు రోజులు ఇక్కడ గడిపే పెన్షన్ మీకుంది, అప్పుడు జాగలో రెండు గదులు వేసుకోవచ్చు. హనుమకొండలో అమ్మిన ఇంటిని మళ్లీ కొనడం మాత్రం పెన్షన్ డబ్బులతో అయ్యేది కాదు, అందుకని ఈలోపు ఏ బ్రోకరో వచ్చి మంచి రేటొచ్చింది సార్ అన్నా బయానా తీసుకోకండి.